పాట వచ్చింది, అక్షరం రాలేదు

ప్రశ్న: మేడం గారికి నమస్కారం. నేను డీఎస్సీలో ఎంపికై రెండేళ్ళ కిందట ఒక మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలలో చేరాను. ఒకటి, రెండు తరగతులు నావే. ఒకే గదిలో 19 మంది పిల్లలు. ఆటపాటలతో చెబితే తొందరగా వస్తుందని ట్రైనింగ్‌లో చెప్పారు కదా అని సొంత డబ్బుతో చార్టులు కొని నాలుగు గోడలూ నింపాను. బ్లూటూత్ స్పీకర్ తెచ్చి రైమ్స్ పెడుతున్నాను. పిల్లలకు 14 పాటలు నోటికి వచ్చు. బడి ఎగ్గొట్టడం కూడా తగ్గింది. కానీ మొన్న మా చుట్టుపక్కల బడులను చూసే సీఆర్‌పీ (క్లస్టర్ రిసోర్స్ పర్సన్) గారు వచ్చి చార్టులో 'ల' మీద వేలు పెట్టి ఇదేమిటని అడిగితే ఇద్దరు తప్ప ఎవరూ చెప్పలేదు. నాకు ఏడుపొక్కటే తక్కువ. "ఈ చిందులు ఆపి అక్షరాలు దిద్దించండి" అని మా హెచ్‌ఎం గారు అంటున్నారు. నా గొంతు కూడా అంతంతమాత్రమే. పాటలు మానేయమంటారా? ఇంకో సంగతి. ఒకటో తరగతిలో ఒక బాబు అసలు పాడడు. పక్కవాడి నోటివంక చూస్తూ పెదవులు కదుపుతాడు, అంతే. వాణ్ణి ఎలా కలుపుకోవాలి?
— ఒక టీచర్, నల్గొండ జిల్లా

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరం చదివి నవ్వుకున్నాను. మిమ్మల్ని చూసి కాదు, నన్ను నేను తలచుకుని. ఉద్యోగంలో చేరిన మూడో ఏట, మా ఒకటో తరగతి పిల్ల ఒకతి వాచకంలోని పాటను రాగం తప్పకుండా, పేజీ మీద వేలు జరుపుకుంటూ గడగడా చదివింది. నేను పొంగిపోయి, ఏదో పని మీద వచ్చిన పక్క ఊరి టీచర్‌కు చూపించాను. ఆవిడ ఏమీ అనలేదు. పిల్ల చదువుతూ ఉండగానే మెల్లగా పేజీ తిప్పేసింది. పిల్ల ఆగితే కదా! కొత్త పేజీ మీద వేలు జరుపుకుంటూ పాత పాటనే చివరిదాకా పాడేసింది.

పాటలు మానకండి. పాటను మొదటి నుంచి చివరిదాకా ఆగకుండా సాగనివ్వడం మాత్రం మానండి.

ఏడెనిమిదులు ఎంత అని అడిగితే మనలో చాలామంది ఇప్పటికీ "ఏడొకట్ల ఏడు" దగ్గర మొదలుపెట్టి లోపల్లోపల పరుగెత్తుకుంటూ వస్తాం. 'ద' తర్వాత ఏ అక్షరం అంటే "త థ ద ధ" అని గొణుక్కోకుండా చెప్పేవాళ్ళు తక్కువ. పాట దారంలాంటిది. కొస చేతికి దొరికితే మిగతాదంతా దానంతటదే వస్తుంది. మీ పిల్లలకు 14 పాటలు అంత సులువుగా వచ్చింది అందుకే. సీఆర్‌పీ గారు ఆ దారం మధ్యలో వేలు పెట్టారు, అక్కడ వాళ్ళకు కొస దొరకలేదు. వాళ్ళకు బుర్రలేక కాదు, మీరు చెప్పక కాదు. మధ్యలో పట్టుకోవడం ఇంకా నేర్పలేదు, అంతే.

దానికి తెలుగులో మనకొక గొప్ప వీలుంది. మన రాతలో దాదాపుగా అక్షరానికొక దెబ్బ పడుతుంది. 'పలక' అంటే మూడు అక్షరాలు, మూడు చప్పట్లు. 'అమ్మ' అంటే రెండు అక్షరాలు, రెండు చప్పట్లు. 'పండు' కూడా అంతే. ఇంగ్లిష్‌లో 'క్యాట్'కు మూడు అక్షరాలున్నా చప్పట్టు ఒకటే, అక్కడ ఈ కిటుకు పనిచేయదు. మనకు మాత్రం నోరు, చెయ్యి, వేలు మూడూ ఒకేసారి ఒకే చోట పడతాయి. ఇంత వీలు పెట్టుకుని మనం పిల్లల చేత ఊరికే చేతులు ఊపించి ఊరుకుంటున్నాం.

ఈ నాలుగు లైన్లు చూడండి. కవిత్వమేమీ కాదు, బడి కోసం నేను కట్టుకున్నది:

పలక తళతళ
కడవ గలగల
పడవ గబగబ
నడక చకచక

ఇందులో దీర్ఘం లేదు, గుడి లేదు, కొమ్ము లేదు, ఒక్క వత్తు కూడా లేదు. అన్నీ 'అ' చప్పుడున్న అక్షరాలే, అవీ 11 మాత్రమే. అంటే గుణింతం ఇంకా రాని పిల్ల కూడా పాట మొత్తం చదవగలదు. లైనుకు ఏడు దెబ్బలు. ముందు మూడు, తర్వాత నాలుగు: తకిట తకధిమి. సంగీతం వచ్చినవాళ్ళు దీన్ని మిశ్రచాపు అంటారు. మీకు ఆ పేరుతో పని లేదు, బల్ల మీద వేళ్ళతో కొట్టి చూడండి, దానంతటదే నడుస్తుంది.

మొదటి రెండు రోజులు ఊరికే పాడించండి, చప్పట్లతో. మూడో రోజు నాలుగు లైన్లూ నల్లబల్ల మీద పెద్దగా రాసి, ఒక్కో దెబ్బకు ఒక్కో అక్షరం మీద కర్ర పెట్టండి. నిదానంగా. పిల్లలు మీకంటే ముందు పరుగెత్తుతారు, వెనక్కి తీసుకురండి. తర్వాత కర్ర ఒక పిల్లకివ్వండి. ఆమె చూపిస్తుంటే మిగతావాళ్ళు పాడాలి. మధ్యలో మీరు "ఆగు" అనాలి. పాట టక్కున ఆగిపోవాలి, కర్ర ఎక్కడుందో ఆ అక్షరం ఒక్కటే చెప్పాలి. పిల్లలకు ఈ 'ఆగు' అంటే ప్రాణం. రెండు రోజుల్లో మీ చేతిలోంచి లాక్కుని వాళ్ళే ఆడుకుంటారు.

ఆ తర్వాతది అసలు పరీక్ష. పాత శుభలేఖల అట్టల మీద 'పలక', 'కడవ', 'పడవ', 'నడక' ఒక్కోటి రాయండి. 'తళతళ', 'గలగల', 'గబగబ', 'చకచక' వేరే అట్టల మీద. ఒకరోజు పిల్లలకు చెప్పకుండా జంటలు మార్చి పెట్టండి: 'పలక గలగల', 'కడవ చకచక'. పిల్లలు మామూలుగా "పలక తళతళ" అని పాడేస్తే చదవలేదని అర్థం. ఎవరో ఒకరు మధ్యలో ఆగి, అట్టవంక మళ్ళీ చూసి, పకపకా నవ్వితే ఆ పిల్ల చదివింది. మా బడిలో 'కడవ చకచక' వచ్చిన రోజు ఒక గడుగ్గాయి లేచి, రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని, పొట్ట ముందుకు తోసి గది అంతా కడవలాగా నడిచి చూపించాడు. వాడికి 'చ' వచ్చిందా లేదా అని నేను ఇంక ఏ పరీక్షా పెట్టలేదు.

అయినా ఇలాంటి మాటలకు మన దగ్గర కొదవా? జలజల, కరకర, పకపక, టకటక, దడదడ, సలసల, బరబర, గరగర, కళకళ. రెండు అక్షరాలు వస్తే చాలు, నాలుగు అక్షరాల మాట చదివేయొచ్చు. "నేను ఇంత పెద్ద మాట చదివాను" అన్న సంబరం ఒకటో తరగతి పిల్లకు మొదటి నెలలోనే దొరుకుతుంది. పైగా ఆ మాటకు అర్థం చెప్పక్కర్లేదు, చప్పుడే అర్థం.

మీ జిల్లాలో ఆడపిల్లలందరికీ తెలిసిన ఇంకో పద్ధతి ఉంది. బతుకమ్మ చుట్టూ తిరుగుతూ ఒకరు లైను అందిస్తే మిగతావాళ్ళు చివర 'ఉయ్యాలో' అని అందుకుంటారు కదా. ఆ అచ్చును బడిలోకి తెచ్చుకోండి. చివరి మాట అందరిదీ, ఎప్పుడూ మారదు. ముందు మాట మాత్రం మధ్యలో నిలబడ్డ పిల్ల చేతిలోని అట్ట మీద ఉంటుంది, ఆమె చదివి అందించాలి. "గడప గడప ఉయ్యాలో, మడత మడత ఉయ్యాలో." అర్థం కుదిరిందా లేదా అని చూడకండి. చదవడం రాని పిల్ల కూడా 'ఉయ్యాలో' దగ్గర గొంతు కలుపుతుంది, కాబట్టి ఎవరూ బయట మిగలరు. చదవడం వచ్చిన పిల్లకేమో ప్రతి చుట్టుకూ కొత్త మాట.

గుణింతానికి వస్తే, దానికి కొత్త పాట కట్టాల్సిన పనే లేదు. "కకు తలకట్టిస్తే క, కకు దీర్ఘమిస్తే కా, కకు గుడిస్తే కి" అని మన తాతల నాటి నుంచి ఉన్నదే పాట. అందులో బొమ్మ కూడా ఉంది, మనం గమనించం. తలకట్టు, గుడి, కొమ్ము, వట్రసుడి: ఈ పేర్లన్నీ గుర్తు ఎలా ఉంటుందో చెప్పే పేర్లే. తలకట్టు అన్నప్పుడు తలపాగా చుట్టుకున్నట్టు, దీర్ఘానికి చెయ్యి బారుగా పక్కకు చాపి, గుడికి రెండు చేతులూ తలమీద గుండ్రంగా కలిపి, కొమ్ముకు రెండు వేళ్ళు నెత్తిన పెట్టి చేయించండి. నాలుగు రోజులు పోయాక నోరు మూయించి 'కు' అట్ట చూపించండి. ముందు నెత్తిన కొమ్ములు లేవాలి, తర్వాతే నోరు విప్పాలి. కొమ్ములు లేచాయంటే కన్ను అక్షరాన్ని చూసినట్టే.

దీర్ఘం విషయంలో పాటకు మించిన గురువు లేదు. చదవడం వచ్చిన పిల్లలు కూడా రాసేటప్పుడు దీర్ఘాలు మింగేస్తారు, మీరూ చూసే ఉంటారు. 'వడ'కు టప్ టప్ అని రెండు దెబ్బలు. 'వాడ'కు మొదటి దెబ్బ కొట్టి, అరచేతులు ఒకదాని మీద ఒకటి జార్చి, ఇంకో దెబ్బ అంతసేపు ఆగి, అప్పుడు రెండోది. పడు, పాడు. గది, గాది. చెవితో తేడా పట్టుకున్న పిల్ల చేత్తో దీర్ఘం మరచిపోవడం తగ్గుతుంది.

పాట చేయలేని పని ఒకటుంది. వ–మ, ప–వ, డ–ద ఒకదానికొకటి కలిసిపోతుంటే ఎన్నిసార్లు పాడినా లాభం ఉండదు, ఎందుకంటే చెవికి వాటిలో గందరగోళమే లేదు. అక్కడ కన్నుతోనే పని. రెండూ పక్కపక్కన పెద్దగా రాసి, తేడా ఉన్న ఒక్క ముక్కనే రంగు సుద్దతో దిద్దించండి. అంతకుమించి పాఠం అక్కర్లేదు.

ఇక మీ గోడల సంగతి. కోపం తెచ్చుకోకండి, సగానికి పైగా చార్టులు ఇవాళే దింపేయండి. 2014లో అమెరికాలో కార్నెగీ మెలన్ యూనివర్సిటీవాళ్ళు చిన్నపిల్లలను ఒకసారి అలంకరణలతో నిండిన గదిలో, ఒకసారి ఖాళీ గోడల గదిలో కూర్చోబెట్టి పాఠాలు చెప్పించారు. నిండిన గదిలో పిల్లల ధ్యాస ఎక్కువగా చెదిరింది, నేర్చుకున్నదీ తక్కువే. మీరు డబ్బు పెట్టి కొన్నారు కాబట్టి పారేయమనను. చుట్టచుట్టి బీరువాలో పెట్టుకుని, ఈ వారం పాఠానికి పనికొచ్చే ఒకటి రెండు మాత్రం బయటికి తీయండి. అదీ మీ తల ఎత్తులో కాదు, చాప మీద కూర్చున్న పిల్ల కళ్ళ ఎత్తులో, దారం కట్టి క్లిప్పు పెట్టండి. పని కాగానే తీసేయండి. రోజూ కనిపించే చార్టు నాలుగో రోజుకు గోడలో భాగమైపోతుంది.

కొన్న చార్టుల్లో ఇంకో తిరకాసుంది. గొడుగు బొమ్మ చూపించి 'గ' చెప్పించాలనుకుంటారు. మీ ఊరి పిల్ల దాన్ని ఛత్రి అంటుంది. తలుపు చూపిస్తే దర్వాజ అంటుంది. ఖడ్గం చూపిస్తే కత్తి, ఐరావతం చూపిస్తే ఏనుగు. పిల్ల తప్పేముంది? చూసింది చూసినట్టు చెప్పింది. 'ఐ'కి ఐరావతం ఎందుకమ్మా, చేతికున్న ఐదు వేళ్ళు చాలవూ? 'ఖ'కు ఖాళీ డబ్బా ఒకటి తెచ్చి మూత తీసి చూపించండి, పుస్తకంలో కత్తి కంటే బాగా గుర్తుంటుంది. బొమ్మలు కూడా వీలైనంతవరకు పిల్లల చేతే గీయించండి. వాళ్ళు గీసిన ఆవు మేకలా ఉన్నా, అది ఆవు అని వాళ్ళకు తెలుసు.

అన్నిటికంటే ముఖ్యంగా, బొమ్మను అక్షరం పక్కన ఉంచకండి. పక్కనే ఆవు ఉంటే పిల్ల ఆవును చదువుతుంది, 'ఆ'ను కాదు. అట్టకు ముందువైపు అక్షరం, వెనకవైపు బొమ్మ ఉండాలి. ముందు అక్షరం చూసి చెప్పాలి, తర్వాత తిప్పి సరిపోయిందో లేదో తానే చూసుకోవాలి. దానివల్ల 19 మందికీ మీరొక్కరే తప్పొప్పులు చెప్పే తిప్పలు కూడా తప్పుతాయి. ఒకటో తరగతి అట్టలతో తనిఖీ చేసుకుంటుంటే మీరు రెండో తరగతి దగ్గర కూర్చోవచ్చు. ఆ రెండో తరగతివాళ్ళ చేత కొత్త లైన్లు కట్టించండి, "గోడ మీద కోడి, కోడి కింద నీడ" లాంటివి. వాళ్ళు రాసినవి చిన్నవాళ్ళు పాడతారు. తాము రాసింది ఇంకొకరు చదువుతున్నారంటే పెద్దవాళ్ళ దస్తూరి కూడా మారిపోతుంది, చూడండి.

స్పీకర్ ఇంటికి తీసుకెళ్ళండి. అది పిల్ల కోసం ఆగదు. ఇంగ్లిష్ రైమ్స్ అయితే మరీ వేగం, సగం మాటలు పిల్లలకు చప్పుళ్ళే. ఇక ముందు మీ బడికి టీవీ వచ్చినా అంతే, రెండు నిమిషాల వీడియోను ముందు చప్పుడు లేకుండా చూపించి, నాలుగు చోట్ల ఆపి "ఏమవుతోంది?" అని అడిగి, అప్పుడు చప్పుడు పెట్టండి. రాయించేటప్పుడు మాత్రం ఏ పాటా వద్దు.

గొంతు బాగుండదన్నారు. బాగుండక్కర్లేదు, ఆగాల్సిన చోట ఆగితే చాలు. ఒక్కటి చూసుకోండి, పిల్లల గొంతు మనకంటే కొంచెం పైన ఉంటుంది. మనకు హాయిగా ఉన్న కింది శ్రుతిలో ఎత్తుకుంటే వాళ్ళకు అందక అరుస్తారు. మీరు కాస్త పైన ఎత్తుకోండి. వాయిద్యం కావాలంటే హరిదాసు చిడతల జత చాలు. 1987లో మొదలైన ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్ కింద బడులకు డోలక్, తాళాలు కూడా ఇచ్చారు. నేను పనిచేసిన ఒక బడిలో, పాడైతే లెక్క చెప్పాలన్న భయంతో బీరువాలో పెట్టి ఆ తాళాలకూ తాళం వేశారు. ఏళ్ళ తర్వాత తీసి చూస్తే డోలక్ తోలు ఎలుకలు తినేశాయి.

హెచ్‌ఎం గారి మాటలో సగం న్యాయముంది. దిద్దించాలి. పాట అయిన వెంటనే, పాటలో కర్ర ఆగిన ఆ రెండు మూడు అక్షరాలనే పలక మీద పది నిమిషాలు దిద్దించండి. ఆయనతో వాదన పెట్టుకోకండి. ఒక శనివారం ఆయన్ను పిలిచి, అట్టల జంటలు ఆయన చేతే మార్పించండి. మిగతాది పిల్లల నవ్వు చూసుకుంటుంది.

ఇక ఆ బాబు. ఉత్తరంలో మీరు చివర రాసినా నాకు ముందు కనిపించింది అదే. పక్కవాడి నోటివంక చూస్తూ పెదవులు కదిపే పిల్లవాడికి సరిగ్గా వినపడుతోందా లేదా అని ముందు చూడాలి. రేపు వాడు ఏదో పనిలో ఉన్నప్పుడు వెనకనుంచి వెళ్ళి, మూరెడు దూరంలో నిలబడి, మామూలు కంటే చిన్న గొంతుతో పేరు పెట్టి పిలవండి. చప్పట్లు కొట్టకండి, గాలి తగిలినా తిరుగుతారు. ఒకసారి కుడివైపు, ఇంకోసారి ఎడమవైపు. ఇంకో రోజు మళ్ళీ. తిరక్కపోతే వాళ్ళమ్మను పిలిచి, చెవిలో చీము కారుతుందా, జలుబు వదలకుండా ఉంటుందా, టీవీ సౌండ్ పెంచుతాడా అని అడగండి. మీకు అనుమానం వస్తే చాలు, మీరే తేల్చుకోవాలని చూడకండి. పిల్లల ఆరోగ్య పరీక్షలకు బడికి వచ్చే ఆర్‌బీఎస్‌కే టీమ్‌కు వాడి పేరు రాసివ్వండి. వాళ్ళు వచ్చేదాకా ఆగకుండా ఈఎన్‌టీ డాక్టర్ ఉన్న ఆస్పత్రికి చూపించమని ఇంట్లోవాళ్ళకు చెప్పండి. ఈలోపు వాణ్ణి ముందు వరసలో, మీ మొహం బాగా కనిపించే చోట కూర్చోబెట్టండి. బోర్డు వైపు తిరిగి మాట్లాడకండి. చిడతలు వాడి చేతికివ్వండి.

పిలవగానే టక్కున తిరిగితే ఇంకో ప్రశ్న అడగాలి: ఇంట్లో ఏ భాష మాట్లాడతారు? మీ వైపు తండాల నుంచి వచ్చే పిల్లలు చాలామంది. ఇంట్లో గోర్ బోలి (లంబాడీల భాష) మాట్లాడే పిల్లవాడికి మీ 14 పాటలూ కొత్త భాషే, అందుకే పక్కవాడి నోరు చూసి అనుకరిస్తున్నాడేమో. అలాగైతే వాళ్ళమ్మనో నాయనమ్మనో బడికి రమ్మని, వాళ్ళ భాషలో పిల్లల పాట ఒకటి పాడించండి. ఆ రోజు మిగతా 18 మంది వాడి నోటివంక చూస్తారు.

ఏ సంగతో తేలాక నాకు మళ్ళీ రాయండి.